తొలిచిన ఇళ్ళ దీవిలో అద్దె ఇంటికి కరువు

గ్రీసులో కాంట్రాక్టు టీచర్లకు ఏటా ఆగస్టు ఆఖర్లో పోస్టింగులు వస్తాయి. ఉత్తరాన ఏదో కొండపల్లె పడొచ్చు, ఏజియన్ సముద్రంలో ఒక దీవి పడొచ్చు. కొద్ది రోజుల్లో పెట్టె సర్దుకుని వెళ్ళి చేరాలి. జాబితాలో తన పేరు ఎదురుగా సాంతోరిని అని ఉన్న టీచరమ్మను చూసి బయటివాళ్ళు అదృష్టవంతురాలు అనుకుంటారు. నీలి గుమ్మటాల చర్చీలు, కొండ అంచున తెల్లటి ఇళ్ళు, కింద లోతైన సముద్రం. హైదరాబాద్, విజయవాడ ట్రావెల్ ఏజెంట్ల హనీమూన్ బ్రోషర్ల మీద కనిపించే దీవి అదే. ఆమెకు మాత్రం ఆ క్షణం నుంచి గుబులు మొదలవుతుంది. అక్కడ అద్దెకు గది దొరుకుతుందా? దొరికినా అద్దె పోగా జీతంలో ఏం మిగులుతుంది? వేసవికి ముందే ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలి?

దీవిలో గదులు లేవని కాదు. అడుగడుగునా గదులే. కానీ అవి వచ్చిపోయే అతిథుల కోసం. యాత్రికుల తాకిడి తగ్గాక అక్టోబరులోనో నవంబరులోనో ఇల్లు అద్దెకిచ్చి, ఈస్టర్ దగ్గర పడేసరికి తాళం చెవి అడిగే యజమానులే ఎక్కువ. బడి జూన్ దాకా ఉంటుంది. ఆ మధ్య నెలల్లో టీచరు ఎవరింట్లోనో సర్దుకోవాలి, లేదంటే జీతమంతా గదికే ధారపోయాలి. ఇల్లు దొరక్క ఉద్యోగాన్నే వదులుకున్న టీచర్ల గురించి గ్రీకు పత్రికలు ఏటా సెప్టెంబరులో రాస్తూనే ఉంటాయి. రాజధాని ఊరు ఫీరాలో 2016లో తెరిచిన ఆసుపత్రిదీ అదే తిప్పలు. డాక్టర్లు, నర్సులు రావాలంటే ముందు వాళ్ళకు ఇల్లు చూపించాలి. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, రేవు కాపలాదారులు, బస్సు డ్రైవర్లు, అందరిదీ ఒకటే వెతుకులాట.

ఈ దీవి జనానికి ఇంటి కష్టం కొత్త కాదు. కలప లేదు, నీళ్ళు లేవు, కట్టుకునే స్తోమత లేదు. అందుకే ఒకప్పుడు కొండను తొలుచుకుని బతికారు. ఇప్పుడు లోకమంతా ముచ్చటపడి వందల యూరోలు పోసి ఒక రాత్రి పడుకుని వెళ్ళేది ఆ పేదవాళ్ళు తొలిచిన గదుల్లోనే. ఆ గదుల దుప్పట్లు మార్చే మనిషికి మాత్రం ఊళ్ళో పడక దొరకడం గండంగా ఉంది. సాంతోరిని గుహ ఇంటి అందం గురించి రాసినవాళ్ళు వేలమంది ఉన్నారు. ఆ అందం ఎవరి అవసరంలోంచి పుట్టిందో, ఇప్పుడు ఎవరి అవసరాన్ని పక్కకు నెట్టి నిలబడిందో కూడా రాయాలి.

సాంతోరిని అసలు పేరు థీరా. క్రీస్తుకు పూర్వం 1600 ప్రాంతంలో ఇక్కడి అగ్నిపర్వతం బద్దలై దీవి నడిభాగం సముద్రంలో కుంగిపోయింది. మిగిలింది నెలవంక ఆకారంలో ఒక అంచు, దాని ఎదురుగా థెరాసియా, ఆస్ప్రోనిసి అనే తునకలు. మధ్యలో సముద్రం నిండిన పెద్ద గుంట. దాన్నే కాల్డెరా అంటారు. లోపలి వైపు కొండ నిట్టనిలువుగా 300 మీటర్ల దాకా లేస్తుంది. ఆ పేలుడులో ఎగసిపడిన బూడిద, నురుగురాయి దీవి మీద కొన్నిచోట్ల పదుల మీటర్ల మందాన పేరుకుంది. తెల్లగా, బూడిద రంగులో ఉండే ఆ పొరను ఊరివాళ్ళు ఆస్పా అంటారు. గునపం వేస్తే తేలిగ్గా దిగుతుంది, గోరుతో గీకినా పొడి రాలుతుంది. అయినా తొలిచిన గోడ నిలువుగా నిలబడుతుంది. దీవి బతుకంతా ఈ రెండు గుణాల మీదే నడిచింది.

చెట్లు లేని నేల. దూలాలకు, వాసాలకు కలప కావాలంటే బయటి నుంచి ఓడలో రావాలి. అంత డబ్బు ఎవరి దగ్గరుంది? అందుకని కొండవాలులోకి అడ్డంగా తొలుచుకుంటూ పోయారు. తవ్విన బూడిదనే సున్నంతో కలిపితే నీళ్ళకు చెక్కుచెదరని గట్టి గచ్చు తయారవుతుంది. ఆ గచ్చుతో, నల్లటి ఎర్రటి అగ్నిపర్వతపు రాళ్ళతో ముందు గోడ కట్టి, పైన కమాను కప్పు వేశారు. కమానుకు దూలం అక్కర్లేదు. థీరా మట్టి అని పేరుపడ్డ ఈ బూడిద ఎంత గట్టి సరుకంటే, 19వ శతాబ్దంలో సూయజ్ కాలువ పనులకూ రేవుల కట్టడాలకూ ఇక్కడి నుంచి ఓడల్లో వెళ్ళింది. కాల్డెరా అంచున ఆ గనుల గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. దీవి ఒంటిని కోసి పరాయి రేవులకు అమ్మిన కూలీలు, సాయంత్రం అదే బూడిదలో తొలుచుకున్న ఇంటికి చేరేవాళ్ళు.

అలాంటి ఇంటిని ఒకసారి దగ్గరగా చూడాలి. ముందు గోడ ఇరుకు. నడుమ తలుపు, తలుపుకు అటొకటి ఇటొకటి కిటికీ, తలుపు నెత్తిన ఇంకో చిన్న కిటికీ. ఇంటికి ఉన్న వెలుతురు ద్వారాలు అవే. వెనకా పక్కలా కొండే కాబట్టి మరో దారి లేదు. తలుపు తీస్తే ముందు గది. దాని వెనక అడ్డగోడ; ఆ గోడలోనూ మళ్ళీ అదే అమరిక, నడుమ తలుపు, పక్కల కిటికీలు, పైన చిన్న కిటికీ. ముందు కిటికీలోంచి వచ్చిన వెలుతురు లోపలి కిటికీ దాటి వెనక పడకగదికి చేరాలని ఆ ఏర్పాటు. కప్పు గుండ్రంగా తల మీదుగా సాగి చివర చీకట్లో కలుస్తుంది. వంటగది ఒక పక్కన, కప్పు తలకు తగిలేంత పొట్టిగా. మరుగుదొడ్డి బయట. గోడల్లోనే గూళ్ళు తొలిచి దీపానికీ గిన్నెలకూ చోటు చేశారు. ఒకరి ఇంటి కప్పు పైవాళ్ళ ఇంటికి వాకిలి. మనుషులు ఒకరి నెత్తిన ఒకరు, గొడవ పడితే తప్పించుకోలేనంత దగ్గరగా బతికిన ఊళ్ళు ఇవి.

వాకిలి కిందో గది కిందో నీటి తొట్టి తప్పనిసరి. ఇక్కడ ఏడాది మొత్తం మీద కురిసేది 400 మిల్లీమీటర్ల లోపే, అదీ చలికాలంలోనే. ఏరు లేదు, చెప్పుకోదగ్గ ఊటబావి లేదు. కప్పు మీద, వాకిట్లో పడ్డ ప్రతి చుక్కా కాలువ పట్టి తొట్టిలో దిగాలి. గోడలకు, కప్పులకు ఏటా సున్నం కొట్టడం కంటికి ఇంపుగా ఉండటానికి మాత్రమే కాదు. ఎండను తిప్పికొట్టడానికి, కప్పు మీంచి తొట్టిలోకి పోయే నీళ్ళు శుభ్రంగా ఉండటానికి. తొట్టి మూత తీసి చేంతాడుతో చేద దించి నీళ్ళు తోడుకునేవాళ్ళు. వేసవి ఆఖరుకు చేద అడుగున తగిలిన చప్పుడు వినిపిస్తే ఇల్లాలికి బెంగ పట్టుకునేది. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా పారబోయరు. అవి జంతువులకో మొక్కలకో పోవాలి.

నీళ్ళు లేని చేలల్లోనూ అదే పొదుపు. ద్రాక్ష తీగను పందిరి ఎక్కించకుండా నేల మీదే చుట్టలు చుట్టి గంపలా అల్లుతారు. గెలలు ఆ గంప లోపల కాస్తాయి. గాలి దుమారం పైనుంచి పోతుంది, రాత్రి దిగే మంచు తేమను నురుగురాయి నేల పట్టి ఉంచుతుంది. అసిర్తికో అనే ద్రాక్షా, చిన్న టమాటా, తెల్ల వంకాయా, ఫావా అనే పప్పూ అన్నీ నీరు పెట్టకుండా పండేవే. ఫావా మన కేసరి పప్పుకు దగ్గరి చుట్టం. రెండూ లాథిరస్ జాతివే, రెండూ ఎండిన నేలలో బీదవాడి కడుపు నింపినవే. ఇవాళ సాంతోరిని ఫావా ఐరోపా గుర్తింపు ముద్రతో ఖరీదైన హోటళ్ళలో వడ్డించే వంటకం. అది పండే చేలు మాత్రం విల్లాలకు, కార్ల పార్కింగులకు పోతున్నాయి.

ఊరు కూడా తరగతుల వారీగానే అమరింది. ఈయా ఊళ్ళో కొండ నెత్తిన ఓడ కెప్టెన్ల మేడలు. రాతి గోడలు, ఎత్తైన కిటికీలు, ఇటలీ నుంచి దిగిన సామాను. కింద, కొండవాలులో తొలిచిన గుహల్లో వాళ్ళ ఓడల మీద పనిచేసే నావికుల కుటుంబాలు. 19వ శతాబ్దం ఆఖర్లో ఈయా తెరచాప ఓడలు నల్లసముద్రం నుంచి అలెగ్జాండ్రియా దాకా సరుకు మోశాయి. ఆవిరి ఓడలు వచ్చాక ఆ వ్యాపారం చితికింది. మేడలవాళ్ళు పిరేయస్‌కు, ఏథెన్స్‌కు వెళ్ళిపోయారు. గుహలవాళ్ళలో చాలామంది ఉన్నచోటే ఉండిపోయారు.

ఉండిపోయినవాళ్ళ కాపురం ఎలా సాగిందో ఫొటోల్లో కనిపించదు. కొండలో తొలిచిన ఇల్లు వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుందన్న మాట నిజమే. తేమ మాట కూడా అంతే నిజం. వెనక గదికి గాలి ఆడదు. చలికాలపు వానలకు కొండ నీరు పీల్చి గోడలు చెమరుస్తాయి. సున్నం పొక్కులు లేచి రాలుతుంది, ఉప్పు తెల్లగా పూస్తుంది, పరుపులు, బట్టలు ముక్క వాసన కొడతాయి. పిల్లల దగ్గు తగ్గదు. బొథోనాస్, కార్తెరాదోస్ ఊళ్ళలో ఇళ్ళను కాల్డెరా వైపు కాకుండా లోపలి వాగు పాయల గట్లలో తొలిచారు. గాలికీ సముద్రపు దొంగల కంటికీ దూరంగా ఉండొచ్చని. అక్కడ పెద్ద వాన పడితే వాగు గుమ్మంలోకి వస్తుంది. సంవత్సరం పొడవునా సున్నం, గచ్చు, మరమ్మతు. చేతులు ఆడించడం మానితే ఇల్లు మళ్ళీ కొండలో కలిసిపోతుంది.

ఇక 1956 జులై 9. తెల్లవారుజామున 5 గంటలు దాటగానే ఆమోర్గోస్ దీవి దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. తీవ్రత 7.7 దాకా అంచనా వేశారు. 20వ శతాబ్దంలో గ్రీసు చూసిన అతి పెద్ద భూకంపం అది. పావుగంట తిరగకముందే సాంతోరిని పక్కనే రెండో పెద్ద కుదుపు. సునామీ కూడా వచ్చింది. 53 మంది చనిపోయారు. ఈయా ఊరు చాలాభాగం కూలింది. కాల్డెరా అంచు విరిగి ఇళ్ళతో సహా కిందికి జారింది. అంతకు ఆరేళ్ళ ముందే, 1950లో, కాల్డెరా నడుమనున్న నెయా కామెని అనే అగ్నిపర్వత దీవి నిప్పులు కక్కింది. ఆ భయం తీరకముందే ఇది. బతికినవాళ్ళు గుడారాల్లో తలదాచుకున్నారు. ఆ తర్వాత ఓడెక్కి ఏథెన్స్ వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు.

ప్రభుత్వం ఇళ్ళు కట్టించింది. ఆర్కిటెక్ట్ కొన్‌స్తాంతినోస్ దెకావాలాస్ నేతృత్వంలోని బృందం కమారి లాంటి చోట్ల పాత కమాను కప్పునే తీసుకుని, భూకంపానికి తట్టుకునేలా వరుస ఇళ్ళు వేసింది. చిన్నవే, సాదావే, కానీ ఆ నేలకు నప్పినవి. కూలిన గుహ ఇళ్ళు మాత్రం తలుపులు ఊడి, మేకలకు నీడగా మిగిలిపోయాయి. మెసా గోనియా అనే ఊరు దాదాపుగా ఖాళీ అయింది. 1970ల నాటికి ఈయాలో మిగిలింది కొన్ని వందల మంది. నీళ్ళు లేని, కరెంటు సరిగ్గా లేని, గాడిద మీద తప్ప సరుకు చేరని గుహ ఎవరికి కావాలి? ఆ రోజుల్లో ఏథెన్స్‌వాళ్ళకో విదేశీయులకో నామమాత్రపు ధరకు అమ్ముకున్న కుటుంబాలున్నాయి. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పిల్లల్ని చదివించుకోవడానికి నగరానికి పోయే దారిఖర్చు ఆ గుహలోంచే రావాలి మరి.

1975లో గ్రీకు జాతీయ పర్యాటక సంస్థ ఒక కొత్త పని మొదలుపెట్టింది. పాడుబడుతున్న సంప్రదాయ గ్రామాలను ఎంచుకుంది. మాని ప్రాంతంలో వాథియా, ఖియోస్ దీవిలో మెస్తా, ఉత్తరాన పాపింగో, సాంతోరినిలో ఈయా వాటిలో కొన్ని. కూలిన ఇళ్ళను యజమానుల నుంచి కొనలేదు. కొన్నేళ్ళ గడువుకు హక్కు రాయించుకుని, ప్రభుత్వ ఖర్చుతో బాగుచేసి, అతిథి గృహాలుగా నడిపి, గడువు తీరాక ఇంటిని యజమానికే అప్పగించేలా ఒప్పందం. ఈయాలో గుహ ఇళ్ళు అలా లేచాయి. పాత గచ్చు, పాత కమాను, పాత కిటికీలు అలాగే ఉంచారు. లోపల నీళ్ళ గొట్టాలు, కరెంటు, స్నానాల గది చేరాయి. సాంతోరిని గుహ ఇంట్లో బస అనే ఆలోచన ఊరు బతకడానికి పుట్టింది. అప్పటి పని మంచి పని. దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

దాని వెనక వచ్చిన వరదను ఎవరూ లెక్కగట్టలేదు. అప్పటికే 1972లో విమానాశ్రయం వచ్చింది. రేవు నుంచి ఫీరాకు 580కి పైగా మెట్లు గాడిదల మీద ఎక్కాల్సిన చోట రోప్‌వే వచ్చింది. తర్వాత క్రూయిజ్ ఓడలు, చౌక విమానాలు, ఇంటర్నెట్‌లో ఇల్లు అద్దెకిచ్చే కంపెనీలు, సూర్యాస్తమయం ఫొటోలు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ మునిసిపాలిటీలో ఉండేది దాదాపు 15,500 మంది. ఏడాదికి వచ్చిపోయేవాళ్ళు 30 లక్షలు దాటారు. 2023లో ఒక్క క్రూయిజ్ ఓడల్లోంచి దిగినవాళ్ళే దాదాపు 13 లక్షలు. 2024 జులైలో ఒకరోజు పది వేలకు మించి ఓడ ప్రయాణికులు దిగుతున్నారని, ఊరివాళ్ళు వీలైనంత వరకు బయట తిరగొద్దని స్థానిక అధికారి ఒకరు ఫేస్‌బుక్‌లో సూచన పెట్టారు. సొంత ఊళ్ళో ఇంట్లో కూర్చోమంటారా అని జనం మండిపడ్డారు. ఆ సూచన తీసేశారు. రద్దీ మాత్రం ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు ఆ గుహ ఇంట్లో బస చేసే అతిథికి తలుపు తీయగానే కనిపించేది చల్లటి తెల్లదనం. గుండ్రటి కప్పు కింద పరుపు, దాచిపెట్టిన దీపాలు, తేమ తెలియకుండా తిరిగే యంత్రం. ఒకప్పుడు నీటి తొట్టి, ద్రాక్షరసం పీపాలు ఉన్న చోట్లలో ఇప్పుడు వేడినీళ్ళ తొట్లు. వాకిట్లో, అంటే కిందివాళ్ళ ఇంటి కప్పు మీద, ఒక చిన్న ఈతకొలను. చేద అడుగున తగిలితే బెంగపడిన ఇంట్లో అతిథి తడవకో కొలను నింపుతున్నారు. నాకు ఇది మింగుడుపడదు. ఇంటి ఆకారాన్ని అంగుళం మారకుండా కాపాడాం అంటారు. ఆ ఆకారానికి ప్రాణమైన పొదుపును మాత్రం ముందుగా తీసి పారేశారు.

ఆ నీళ్ళు ఎక్కడివి? సముద్రానివి. 1990ల నుంచి దీవిలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు ఒకటొకటిగా వచ్చాయి. కుళాయి నీళ్ళు ఒంటికి, గిన్నెలకు పనికొస్తాయి. తాగడానికి అందరూ సీసా నీళ్ళే కొంటారు, ఖాళీ సీసాలు కొండలా పేరుకుంటాయి. ప్లాంటు నడవాలంటే కరెంటు కావాలి. 2013 ఆగస్టులో, జనం కిటకిటలాడే వేళ, దీవి విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి రోజుల తరబడి చీకటి అయింది. ప్లాంట్లు పెంచుతారు, కొత్త హోటళ్ళు వస్తాయి, మళ్ళీ చాలవు. మేయర్ నికోస్ జోర్జోస్ ఏళ్ళ తరబడి చెబుతున్న మాట ఒకటే: దీవి నిండిపోయింది, ఇక ఒక్క పడక కూడా పెంచొద్దు. దీవి నేలలో ఐదో వంతు ఇప్పటికే కట్టడాల కింద ఉందన్నది ఆయన చెప్పే లెక్క. ప్రతి కొత్త పడకకూ నీళ్ళు, కరెంటు, చెత్త మోసే బండి, ఆ పడక సర్దే మనిషి కావాలి. ఆ మనిషికి ఇంకో పడక కావాలి. ఈ చివరి సంగతి లెక్కలోకే రాదు.

ఆ మనుషులు ఎవరు? కొందరు గ్రీసు ప్రధాన భూభాగం నుంచి వేసవి పనికి వచ్చేవాళ్ళు. చాలామంది ఆల్బేనియా నుంచి, ఇంకా దూరంగా మన ఉపఖండం నుంచి వచ్చినవాళ్ళు. వంటగది వెనక గిన్నెలు తోమేది, నిట్టనిలువు మెట్ల మీద సూట్‌కేసులు భుజాన మోసేది, చలికాలంలో గచ్చు కలిపి కమానులకు మళ్ళీ సున్నం కొట్టేది వాళ్ళే. మెస్సారియా, కార్తెరాదోస్ లాంటి లోపలి ఊళ్ళలో ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. ఒకప్పుడు గుహ ఇంట్లో ఇరుకున బతికిన నావికుడి కుటుంబం మీద జాలిపడేవాళ్ళం. ఇరుకు పోలేదు, కొండ అంచు నుంచి లోపలి ఊళ్ళకు మారింది. అతిథులకు కనబడదు కాబట్టి ఎవరూ ఫొటో తీయరు.

యజమానులంతా రాక్షసులు కారు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవలో తేలిగ్గా వేలు చూపేది వాళ్ళ వైపే. తాత తొలిచిన గుహ, తండ్రి వదిలి వెళ్ళిన గుహ, దాన్ని అప్పు చేసి బాగుచేసుకుని, ఆరేడు నెలల ఆదాయంతో ఏడాదంతా ఇల్లు నడుపుకునే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ పిల్లలు చదువుకుని డాక్టర్లయ్యారు. ఒక రాత్రి బసకు వచ్చే డబ్బు టీచరు వారమంతా ఇవ్వగలిగే అద్దె కంటే ఎక్కువైనప్పుడు టీచరుకే ఇవ్వమని అడగడం సులువు, ఇవ్వడం కష్టం. కానీ ఆ యజమాని కూతురికి లెక్కలు చెప్పే టీచరు మధ్యలోనే వెళ్ళిపోతే? తల్లికి గుండెనొప్పి వచ్చిన రాత్రి ఆసుపత్రిలో స్పెషలిస్టు లేకపోతే? హెలికాప్టర్ కోసం, ఫెర్రీ కోసం ఎదురుచూడాల్సింది ఆ కుటుంబమే. ఒక్కో ఇంటి లెక్క విడిగా చూస్తే తప్పేమీ కనబడదు, అన్నీ కలిస్తే ఊరు ఊరుగా మిగలడం లేదు. అందుకే దీన్ని ఒక్కో యజమాని మంచితనానికి వదిలేయకూడదు.

2025 చలికాలంలో నేల మళ్ళీ గుర్తుచేసింది. జనవరి ఆఖరు నుంచి సాంతోరినికి, ఆమోర్గోస్‌కు మధ్య సముద్రం కింద వేల సంఖ్యలో కుదుపులు. ఫిబ్రవరి 6న అత్యవసర పరిస్థితి ప్రకటించారు, 10న తీవ్రత 5.3 దాకా వెళ్ళింది. 11,000 మందికి పైగా ఫెర్రీల్లో, విమానాల్లో దీవి దాటారు. బడులు మూసేశారు. భూగర్భంలో శిలాద్రవం పక్కకు చొరబడటమే దీనికి కారణమని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. ఆ రోజుల్లో అధికారులు ఇచ్చిన సూచనల్లో ఒకటి నన్ను ఆపింది: ఈతకొలనులు ఖాళీ చేయండి. నీటి బరువు కుదుపులో ఊగితే కట్టడం తట్టుకోదని. బూడిద కొండ మీద, ఒకరి కప్పు మీద ఒకరుగా ఉన్న ఇళ్ళలో టన్నుల కొద్దీ నీళ్ళు నింపిపెట్టుకున్న సంగతి అప్పుడు అందరి నోటా వినిపించింది. ఆస్పా పొడిగా ఉన్నంతకాలమే నమ్మకస్తురాలు. కొలను పగిలి కారినా, గొట్టం కారినా ఆ తడి ఎక్కడికి పోతుందో గునపం పట్టిన పాతకాలం మనిషికి తెలుసు. అందుకే అతను నీళ్ళను గచ్చు పూసిన తొట్టిలో తప్ప ఎక్కడా నిలవనిచ్చేవాడు కాదు.

చర్యలు లేవని కాదు. రోజుకు 8,000 మందికి మించి క్రూయిజ్ ప్రయాణికులు దిగకుండా 2025 నుంచి పరిమితి పెట్టారు. అదే ఏడాది జులై నుంచి వేసవిలో దిగే ఒక్కో ఓడ ప్రయాణికుడి మీద 20 యూరోల రుసుము. మంచివే. అయితే ఇవి పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళను లెక్కపెడతాయి. ఊరివాళ్ళ ఇల్లు లాక్కునేది మాత్రం రాత్రి పడకలు. వాటికి పై హద్దు గీయందే, ఓడలు తగ్గినా టీచరుకు గది రాదు.

హద్దు గీయడంతో పాటు చేయగలిగిన పని ఇంకోటి ఉంది, అదీ ఈ దీవికి తెలిసిన పద్ధతే. బొథోనాస్, కార్తెరాదోస్ వాగు గట్లలో పాడుబడ్డ గుహ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఎదురుగా థెరాసియాలో ఆగ్రిలియా అనే ఊరికి ఊరే తలుపుల్లేకుండా పడి ఉంది. యజమానులు దూరాన ఎక్కడో ఉంటారు; ఒక్క గుహకు వాటాదారులు పదిమంది; బాగుచేయడానికి ఎవరి దగ్గరా డబ్బు లేదు. 1975లో ఈయాలో ఇళ్ళ పరిస్థితి సరిగ్గా ఇదే. అప్పుడు రాజ్యం గడువుకు హక్కు రాయించుకుని, ప్రజల డబ్బుతో బాగుచేసి, అతిథులను పెట్టి, తర్వాత యజమానికి తిరిగిచ్చింది. ఆ ఒప్పందంలో మార్చాల్సింది ఒక్క పంక్తి: ఆ గడువులో లోపల ఉండేది యాత్రికులు కాదు, బడి టీచర్లు, ఆసుపత్రి నర్సులు. ఓడ ప్రయాణికుల నుంచి వసూలవుతున్న 20 యూరోల్లో కొంత వాటా దానికే కేటాయించవచ్చు. గచ్చు కలపడం తెలిసిన మేస్త్రీలు దీవిలోనే ఉన్నారు, ఇప్పుడు వాళ్ళు చలికాలమంతా హోటళ్ళ కమానులు దిద్దుతున్నారు. ముందుగా వాగు గట్టున వాన నీరు పోయే దారి సరిచేసి, తేమ చేరని నాలుగు గదులు చూపిస్తే చాలు, వచ్చే ఆగస్టు జాబితాలోపే కొందరికైనా తాళం చెవులు ఇవ్వొచ్చు.